వేడిని తోడే ఏతం

బదిలీల ఇళ్ళలో పెరిగే పిల్లలకు సామాను లెక్క బాగా తెలుసు. ఎన్ని ట్రంకు పెట్టెలు, ఎన్ని అట్టపెట్టెలు, ఏ పెట్టె మీద ఎర్రరంగుతో ఏ నంబరు వేశారో నిద్రలో లేపి అడిగినా చెప్తారు. మా ఇంటి సామాను జాబితాలో ఏడేళ్ళుగా మొదటి నంబరు ఒకే వస్తువుది. అది చల్లగాలీ వేడిగాలీ రెండూ ఇచ్చే ఏసీ. డెహ్రాడూన్‌లో అద్దె ఇంట్లో ఉన్నప్పుడు కొన్నాం. క్వార్టర్ దొరికాక విప్పి అక్కడ బిగించాం. పఠాన్‌కోట్ బదిలీ అయ్యాక మళ్ళీ విప్పి, మళ్ళీ బిగించాం.

దక్షిణాది చుట్టాలకు ఈ సంగతి చెప్తే నమ్మరు. "ఏసీలోంచి వేడిగాలి రావడమేమిటి, విడ్డూరం కాకపోతే!" అంటారు. విశాఖపట్నంలోనో విజయవాడలోనో చలికాలమంటే తెల్లవారుజామున ఒక దుప్పటి ఎక్కువ కప్పుకోవడమే కదా. పఠాన్‌కోట్ జనవరి అలా ఉండదు. వారాల తరబడి పొగమంచు. ఉదయం పది దాటినా సూర్యుడు కనిపించడు. గోడలు ముట్టుకుంటే మంచుగడ్డలు. ఇలాంటి చోట ఈ యంత్రం విలాసవస్తువు కాదు. మా ఇంట్లో మరీనూ, ఎందుకంటే మా అత్తగారు మాతోనే ఉంటారు. ఆవిడకి ఆయాసం.

ముందు ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పుకుందాం. మీ ఇంట్లో ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు దాని వెనకవైపో పక్కనో చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటుంది. లోపల పెట్టిన పాలలో, కూరల్లో ఉన్న వేడే అలా బయటికి వస్తుంది. వేసవిలో ఏసీ కూడా అంతే, గదిలో వేడిని తోడి బయట పారబోస్తుంది. చలికాలంలో ఒక కవాటం తిరగబడి అదే పనిని వెనక నుంచి చేస్తుంది. బయటి గాలిలో వేడిని తోడి గదిలో పోస్తుంది.

"బయట చలిగా ఉంటే అక్కడ వేడెక్కడిది?" అని మా ఏడో తరగతి పిల్లలు అడిగారు. మంచి ప్రశ్న. మనకు చలిగా ఉన్న గాలిలో కూడా వేడి ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి అంతకంటే చల్లని వస్తువు కావాలి. మా యంత్రంలో ఉన్న ఆర్-32 అనే వాయువు మామూలు పీడనంలో మైనస్ 52 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. పీడనం సరిగ్గా సర్దితే 5 డిగ్రీల గాలి తగిలినా చాలు, ద్రవం ఆవిరైపోయి ఆ గాలిలోని వేడిని పీల్చుకుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ గట్టిగా నొక్కితే బాగా వేడెక్కుతుంది. గదిలోకి వచ్చి వేడిని వదిలి మళ్ళీ ద్రవమవుతుంది. మళ్ళీ బయటికి పోతుంది.

దీనికి తెలుగులో ఏం పేరు పెడదామని తరగతిలో చర్చ పెట్టాం. రకరకాల మాటలు వచ్చాయి. చివరికి అందరికీ నచ్చింది 'వేడి ఏతం'. ఏతం నీళ్ళు పుట్టించదు, కింద ఉన్న నీళ్ళను పైకి తోడుతుంది. మనిషి కష్టమంతా తోడడానికే. ఈ యంత్రమూ వేడిని పుట్టించదు, తోడుతుంది. అందుకే ఇనుప తీగ ఎర్రగా కాలే గది హీటరు 2000 వాట్ల కరెంటు తీసుకుని అంతే వేడినిస్తే, వేడి ఏతం మామూలు చలిలో దాదాపు మూడో వంతు కరెంటుతోనే ఆ పని చేస్తుంది. బావి లోతయ్యే కొద్దీ ఏతం తొక్కేవాడికి కష్టం పెరిగినట్టే, బయట చలి పెరిగే కొద్దీ దీని కష్టమూ పెరుగుతుంది. ఈ ఊహ కొత్తదేం కాదు. లార్డ్ కెల్విన్ 1852లోనే రాశాడు. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ పురమందిరాన్ని 1938 నుంచి నది నీళ్ళలోని వేడిని తోడి వెచ్చబెట్టారు.

ఇంత తెలివైన యంత్రం పఠాన్‌కోట్‌లో మొదటి చలికాలమే మొరాయించడం మొదలుపెట్టింది. బాగుచేయిస్తే నెల రోజులు బుద్ధిగా ఉండేది, తరువాత మళ్ళీ మొదటికే. ఒక రాత్రి వేడి తగ్గేది, ఇంకో రాత్రి ఆగిపోయేది, మరో రాత్రి బయట పెట్టె నిండా మంచు పేరుకునేది. పిలిచిన ప్రతి మెకానిక్కూ ఒక్కో కారణం చెప్పేవాడు. ఇద్దరు "గ్యాస్ అయిపోయింది" అని నింపి వెళ్ళారు. రెండుసార్లకీ కలిపి ₹5,500 అయింది.

డబ్బు సంగతి అలా ఉంచండి. యంత్రం ఆగిన రాత్రి అత్తగారు దిండు గోడకి ఆనించి కూర్చునే తెల్లవార్చేవారు. చలికాలంలో ఇంటి లోపల 18 డిగ్రీలైనా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. ముసలివాళ్ళకు, ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్ళకు అంతకన్నా వెచ్చగా ఉండాలట. మా గదిలో గడియారం పక్కన ఉన్న థర్మామీటరు కొన్ని తెల్లవారుజాముల్లో 11 చూపించేది. ఒకరోజు ఆవిడ కాఫీ తాగుతూ మెల్లగా అన్నారు: "నన్ను రాజమండ్రి పంపించెయ్యండమ్మా. నా మూలంగా మీకెందుకీ అవస్థ." పక్కనే హోంవర్కు రాసుకుంటున్న మా అమ్మాయి పెన్సిలు ఆపేసింది.

బదిలీల ఇంట్లో ఆ మాట ఎంత బరువో మీకు చెప్పక్కర్లేదు. స్నేహితులు మారతారు, ఊరు మారుతుంది, బడి గోడల రంగు మారుతుంది. మారకుండా వెంట వచ్చేది ఇంట్లో మనుషులే. రాజమండ్రిలో ఇల్లు తాళం వేసి ఉంది, చూసుకునేవాళ్ళు లేరు. ఆవిడ వెళ్తే ఒక్కరే ఉండాలి.

అదే వారంలో పక్కింటి ఆవిడ మా అవస్థ చూడలేక నిప్పులు నింపిన అంగీఠీ తెచ్చి ఇవ్వబోయారు. మంచి మనసుతో తెచ్చారు. చేతులు జోడించి, గదిలోకి మాత్రం వద్దని వరండాలో పెట్టించి, అందరం అక్కడే చుట్టూ కూర్చుని చలి కాచుకున్నాం. తలుపులు మూసిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు ఎక్కాల్సిన చోట అది 200 రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. నిద్రలో ఉన్నవాళ్ళకు తెలియను కూడా తెలియదు. ఉత్తరాదిలో ఏటా చలికాలం ఇలాంటి చావుల వార్తలు వస్తూనే ఉంటాయి. పిల్లలూ, ఈ వ్యాసంలో మిగతాదంతా మరిచిపోయినా ఈ ఒక్కటీ గుర్తుంచుకోండి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి వద్దు.

ఆ రాత్రి మా అమ్మాయి పాత లెక్కల నోట్‌బుక్కులో మిగిలిన పేజీల మీద గళ్ళు గీసింది. తేదీ, వేళ, బయట పొగమంచు ఉందా లేదా, గదిలో ఎన్ని డిగ్రీలు, యంత్రం ఏం చేస్తోంది, కరెంటు ఎలా ఉంది. "మామ్మని పంపించే ముందు దీని సంగతి తేలుద్దాం" అంది. అప్పుడు తనది ఆరో తరగతి. అందరం వంతులు వేసుకున్నాం. తెల్లవారుజాము వంతు అత్తగారిది, ఎలాగూ ఆ వేళకి ఆవిడ మేలుకునే ఉంటారు కనక. ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవారు.

మూడు వారాలకు నోట్‌బుక్కు మాట్లాడడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ ఒకే రోగం అనుకున్నది నిజానికి మూడు వేరు వేరు సంగతులు.

మొదటిది అసలు రోగమే కాదు. పొగమంచు రాత్రుల్లో దాదాపు గంటకొకసారి వేడిగాలి ఆగిపోయి, ఏడెనిమిది నిమిషాల తరువాత దానంతటదే మళ్ళీ వచ్చేది. ఆ సమయంలో బయట పెట్టెలోంచి తెల్లగా పొగలాంటిది లేచేది. ఒకసారి కింది వాటా వాళ్ళు అది చూసి అంటుకుందేమోనని పరుగెత్తుకొచ్చారు. పొగ కాదు, ఆవిరి. బయటి పెట్టె వేడిని పీల్చుకుంటూ సున్నా కంటే చల్లబడుతుంది. పొగమంచులోని తేమ దాని రేకుల మీద గడ్డకడుతుంది. ఆ గడ్డను కరిగించుకోవడానికి యంత్రం కాసేపు దిక్కు మార్చి బయటి పెట్టెనే వేడి చేసుకుంటుంది. లోపల చల్లగాలి కొట్టకుండా ఆ కాసేపూ ఫ్యాన్ ఆపుతుంది. ఇది తెలియక చాలామంది స్విచ్చి ఆపి మళ్ళీ వేస్తారు. దాంతో కరగాల్సిన మంచు కరగక ఇంకా పేరుకుంటుంది. మా కాలనీలో ఒకరు యంత్రానికి చలి వేస్తుందని బయటి పెట్టెకు టార్పాలిన్ కూడా చుట్టారు! ఏతం బావి మీద మూత పెట్టినట్టే అది. గాలి ఆడకపోతే తోడడానికి వేడి ఎక్కడిది?

రెండోది వేళ పట్టిన రోగం. పూర్తిగా ఆగిపోయి దీపం మిణుకుమిణుకుమనే రోజులన్నీ ఒకచోట రాసి చూస్తే, అన్నీ ఉదయం ఆరు నుంచి ఎనిమిది లోపు, లేదా రాత్రి ఏడు నుంచి తొమ్మిది లోపు. ఆదివారాలు ఉదయం మాత్రం తొమ్మిది తరువాత! అది చూసి మా అమ్మాయి పకపకా నవ్వింది. "ఆదివారం అందరూ ఆలస్యంగా స్నానం చేస్తారుగా!" నిజమే. కాలనీలో గీజర్లన్నీ ఒకేసారి వేసే వేళలవి. ఎలక్ట్రీషియన్‌ని ఆ వేళకే రమ్మని పిలిచాం. 230 ఉండాల్సిన వోల్టేజీ మీటరులో 172 చూపించింది. అది యంత్రానికి రాసిన హద్దు కంటే తక్కువ. పైగా ప్లగ్గు విప్పితే సాకెట్‌లో ఒక వైరు వదులై చుట్టూ నల్లగా మాడి ఉంది. మధ్యాహ్నం వచ్చిన మెకానిక్కులందరికీ 225 కనిపించి "కరెంటు బాగానే ఉంది" అని వెళ్ళిపోయారు. రోగం వచ్చే వేళ తెలియకుండా వైద్యుణ్ణి పిలిస్తే అంతే. సాకెట్ మార్పించి, సరైన స్టెబిలైజర్ పెట్టించాం. నోట్‌బుక్కు పేజీలు నకలు తీసి క్వార్టర్ల నిర్వహణ చూసేవాళ్ళకు అర్జీతో జతచేసి ఇచ్చాం. తేదీలూ వేళలూ చూశాక వాళ్ళూ కాదనలేకపోయారు. మా వరసకు ఎక్కువ బరువు పడుతున్న ఫేజు నుంచి కొన్ని ఇళ్ళను వేరే ఫేజుకి మార్చారు. మాతోపాటు మరో పదకొండు ఇళ్ళకు మేలు జరిగింది.

మూడోదే అసలు రోగం. కరెంటు బాగున్న రోజుల్లో, పొగమంచు లేని రాత్రుల్లో కూడా గది డిగ్రీలు వారం వారం కొద్దికొద్దిగా తగ్గుతున్నాయి. మొదటి వారం 21, రెండో వారం 19, మూడో వారం 17. బయటి పెట్టెలో మంచు కూడా సమంగా కాక కింది భాగంలోనే గట్టిగా పేరుకుంటోంది. పాత పఠాన్‌కోట్ బజారులో నలభై ఏళ్ళుగా ఈ పని చేస్తున్న ఒక సర్దార్జీని ఎవరో చెప్తే పిలిచాం. ఆయన యంత్రం ముట్టుకోకుండా ముందు నోట్‌బుక్కు చూపించమన్నారు. తెలుగు అక్షరాలు రాకపోయినా అంకెలు చదివారు. ఇంతకుముందు రెండుసార్లు గ్యాస్ నింపారని చెప్తే తలపాగా సర్దుకుని ఒక్క మాటన్నారు: "గ్యాస్ ఖతం నహీఁ హోతీ బేటీ, నికల్తీ హై."

గ్యాస్ అయిపోదు, బయటికి పోతుంది. బండిలో పెట్రోలులా ఇది ఖర్చయ్యేది కాదు. రాగి గొట్టాల్లో అదే గ్యాసు ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో దారి దొరికిందన్నమాట. చిల్లుకుండలో నీళ్ళు పోస్తూ కూర్చుంటే ఎన్నాళ్ళని పోస్తాం?

ఆయన లోపలి పెట్టె వెనక గొట్టాలకు చుట్టిన నల్లటి తొడుగును కోసి చూపించారు. లావు గొట్టం బిగించిన నట్టు చుట్టూ జిడ్డుగా నూనె మరక. గ్యాసుతోపాటు కంప్రెసర్ నూనె కొంచెం తిరుగుతుంది కాబట్టి, గ్యాసు పోయిన చోట నూనె జాడ మిగులుతుంది. మరకను చూసి అదేనని తేల్చేయలేదు. మిగిలిన గ్యాసును వేరే సిలిండర్‌లోకి తీసి, గొట్టాల్లో నైట్రోజన్ నింపి, సబ్బు నురగ కుంచెతో పూశారు. మా అమ్మాయి టార్చి పట్టుకుంది. ఒక నిమిషం ఏమీ లేదు. అత్తగారు కూడా శాలువా కప్పుకుని వచ్చి నిలబడ్డారు. తరువాత నట్టు అంచున ఆవగింజంత బుడగ లేచింది. పగిలింది. మళ్ళీ లేచింది. "అదిగో!" అని ముందుగా అరిచింది అత్తగారే.

కారణం ఆయన చెప్తుంటే మాకు మన బతుకే గుర్తొచ్చింది. రాగి గొట్టం చివరను గంట ఆకారంలో వెడల్పు చేసి నట్టుతో బిగిస్తారు. బదిలీ అయిన ప్రతిసారీ అది విప్పుతారు, కొత్త ఊళ్ళో మళ్ళీ బిగిస్తారు. మెత్తని రాగి నలిగినచోటే మళ్ళీ నలుగుతుంది, సన్నగా చీలుతుంది. పాత చివరను కత్తిరించి కొత్తగా వెడల్పు చేసి బిగించాలి. తొందరలో ఉన్నవాళ్ళు పాతదాన్నే బిగించేసి వెళ్తారు. ఆర్-32 పీడనం పాతకాలపు ఆర్-22 కంటే బాగా ఎక్కువ, వెంట్రుకంత సందు దొరికినా చాలు.

ఆయన పాత చివర కోసి, కొత్తది చేసి, మళ్ళీ నైట్రోజన్ పెట్టి నురగ పూసి చూశారు. తరువాత వాక్యూమ్ పంపుతో గొట్టాల్లో గాలీ తేమా లాగేశారు. చివర తూకం మీద సిలిండర్ పెట్టి, యంత్రం పలక మీద రాసి ఉన్నంత గ్యాసు, మాకైతే 980 గ్రాములు, కొలిచి నింపారు. ముందు వచ్చినవాళ్ళెవరూ తూకం తేలేదు. ఇది మన జేబుకే కాదు, గాలికీ మంచిది. ఒక కిలో ఆర్-32 గాలిలో కలిస్తే వందేళ్ళ లెక్కన 675 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. కొంచెం మండే గుణం కూడా ఉంది కాబట్టి, పని జరుగుతున్నంతసేపూ కిటికీలు తెరిపించి, వంటింట్లో పొయ్యి ఆర్పించారు.

ఆ తరువాత రెండు చలికాలాలు గడిచాయి. గ్యాసు నింపాల్సిన అవసరం రాలేదు. థర్మామీటరు పక్కన మామ్మ రాసిన అంకెలు 20కి కిందికి దిగలేదు. రాజమండ్రి మాట ఆవిడ మళ్ళీ ఎత్తలేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి యంత్రం ఉంటే మీరు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. పదిహేను రోజులకొకసారి పెద్దవాళ్ళ సాయంతో స్విచ్చి ఆపి లోపలి జల్లెడ కడగండి, ఆరబెట్టి పెట్టండి. ఆపిన వెంటనే మళ్ళీ వేయకండి, మూడు నిమిషాలు ఆగండి. బయటి పెట్టె చుట్టూ గాలి ఆడనివ్వండి. మంచు పేరుకుంటే చాకుతోనో కర్రతోనో గీకకండి, రేకులు చినిగిపోతాయి. మూత విప్పడం, వైర్లు ముట్టుకోవడం మాత్రం ఎప్పుడూ వద్దు. మిగతాది నోట్‌బుక్కులో రాయండి. గమనించి రాయడానికి పనిముట్లు అక్కర్లేదు.

తెలుగు మాస్టర్లం కనక ఇంకొక్క మాట. కొత్తగా బదిలీ అయి వచ్చిన పిల్లలు మొదటి పరీక్షల్లో వెనకబడితే "మందబుద్ధి" అనేవాళ్ళుంటారు, ట్యూషను మీద ట్యూషను పెట్టించేవాళ్ళుంటారు. ఏ బదిలీ పిల్లవాడి పుస్తకమైనా తీసి చూడండి. పోయింది ఎప్పుడూ అతుకు దగ్గరే. పాత బడిలో భిన్నాలు మొదలుపెట్టకముందే వచ్చేశాడు, కొత్త బడిలో అప్పటికే అయిపోయాయి. ఒక అమ్మాయికి విశాఖలో ఒత్తులు నేర్పే నెలలో బదిలీ అయింది, అందుకే ఇప్పటికీ 'అమ్మ' బాగా రాస్తుంది, 'స్వాతంత్ర్యం' దగ్గర ఆగిపోతుంది. తెలివి అయిపోలేదు, ఆ ఒక్క అతుకు దగ్గర కొంత జారిపోయింది. అక్కడ వెతికి, పాతది కత్తిరించి, కొత్తగా బిగిస్తే చాలు.

అందుకే ఈసారి సామాను సర్దేటప్పుడు రెండు చీటీలు రాసుకోండి. ఒకటి ఏసీ పెట్టె మీద అంటించండి. ఎప్పుడు విప్పారు, గొట్టం చివరలు కొత్తగా చేయించారా, గ్యాసు ఎంత తూచి పోశారు. రెండోది మీ బడిసంచీలో పెట్టుకోండి. ఏ సబ్జెక్టులో ఏ పాఠం వరకు అయింది, ఏది సగంలో ఉంది. కొత్త బడిలో మొదటి రోజే రెండో చీటీ మీ టీచరు చేతికివ్వండి. మా చేతికిస్తే మాకు ఎంత సంతోషమో చెప్పలేం.